గోలీ బంద్ చెయ్యమనడం కూడా ఇలాజే, దానికీ హిసాబ్ చెప్పాలి

మన ఇళ్లలో దుల్హన్ కడుపుతో ఉందని తెలిసిన రోజు ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మైకాకు ఫోన్ పోతుంది. మిఠాయి డబ్బా వస్తుంది. దాదీ నజర్ తీస్తుంది. బరువులెత్తొద్దు, బొప్పాయి తినొద్దు, మగ్రిబ్ వేళ చెట్టు కింద నిలబడొద్దు అని ఫర్మానాలు మొదలవుతాయి. ఇవన్నీ ముహబ్బత్‌తో చెప్పే మాటలే. వాటితో నాకు ఝగడా లేదు.

నా ఝగడా అదే రోజు జరిగే ఇంకో పనితో. ఆ పిల్ల దిమాగ్ తబీయత్ కోసం గోలీలు వాడుతుంటే అవి ఆ సాయంత్రానికల్లా బంద్ అయిపోతాయి. ఒక ఇంట్లో సాస్ వాటిని తీసి చెత్తబుట్టలో వేస్తుంది. ఇంకో ఇంట్లో కన్నతల్లే ఫోన్ చేసి మాన్పిస్తుంది. కొన్నిచోట్ల ఎవరూ చెప్పాల్సిన పని లేదు, పిల్లే భయపడి మానేస్తుంది. చాలాసార్లు ఆ మాట ఇంట్లోవాళ్ల నోట కాదు, దవాఖానాలో తెల్లకోటు వేసుకున్నవాళ్ల నోట వస్తుంది. ఓపీ చీటీ మీద అడ్డంగా ఒక గీత గీసి, ‘ఇవన్నీ ఆపేయమ్మా, బిడ్డకు మంచిది కాదు’ అంటారు. అర నిమిషం పట్టదు.

ఈ అర నిమిషం మాట మీదే నేనిక్కడ రాస్తున్నాను. గోలీ ఇవ్వడం ఎలా ఇలాజో, గోలీ ఆపమనడం కూడా అలాగే ఒక ఇలాజ్. ఇచ్చే గోలీకి నుక్సాన్ ఉన్నట్టే ఆపే గోలీకీ నుక్సాన్ ఉంటుంది. ఇచ్చినవాళ్లను మనం హిసాబ్ అడుగుతాం. ఆపినవాళ్లను ఎవరూ అడగరు. ఆపడం అంటే ఏమీ చేయకపోవడం అనీ, ఏమీ చేయకపోతే పాపం అంటదనీ మన నమ్మకం. ఆ నమ్మకం తప్పు. దాని ఖరీదు ఆడపిల్లలు కడుతున్నారు.

భయం ఎక్కడ నుంచి వచ్చిందో ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ భయం ఉత్తది కాదు. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడొమైడ్ అనే గోలీ బజారులోకి వచ్చింది. నిద్రకు మంచిది, వేవిళ్లకు మంచిది, ఏ హానీ లేదు అని అమ్మారు. 1961లో వెనక్కి తీసుకునేలోపు ప్రపంచమంతా కలిపి పదివేలకు పైగా పిల్లలు చేతులు, కాళ్లు సరిగా ఏర్పడకుండా పుట్టారు. ఆ తర్వాత పుట్టిన ప్రతి డాక్టరుకూ ఆ ఫొటోలు చూపించే చదువు చెప్పారు. ‘కడుపుతో ఉన్నప్పుడు గోలీ అంటే ఖతరా’ అన్న మాట అక్కడి నుంచే మన దాదీల దాకా వచ్చింది. ఆ మాటలో సచ్చాయి ఉంది.

కానీ ఒక గోలీ చేసిన జుర్మ్‌కి గోలీలన్నిటినీ జైల్లో వేయడం ఇన్సాఫ్ కాదు. దిమాగ్ మందులు ఒక్క జాతివి కావు. వాటిలో నిజంగా దూరం పెట్టాల్సినవీ ఉన్నాయి, జాగ్రత్తగా కొనసాగించుకోదగ్గవీ ఉన్నాయి.

దూరం పెట్టాల్సిన దానిలో మొదటి పేరు వాల్‌ప్రొయేట్. ఫిట్స్‌కీ ఇస్తారు, బైపోలార్ బీమారీకీ ఇస్తారు. ఏ గోలీ వాడని తల్లులకు పుట్టిన వంద మంది పిల్లల్లో ఇద్దరికో ముగ్గురికో పుట్టుకతో ఏదో లోపం ఉంటుంది. కడుపుతో ఉండగా వాల్‌ప్రొయేట్ వాడిన తల్లుల పిల్లల్లో ఆ సంఖ్య వందకు దాదాపు 10. ఇంకా 30 నుంచి 40 మంది పిల్లలకు మాట, చదువు, ఎదుగుదలలో ఇబ్బందులు రావచ్చు. అందుకే బ్రిటన్‌లో 2018 నుంచి, గర్భం రాకుండా పక్కా ఏర్పాటు ఉంటే తప్ప, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లకు దీన్ని ఇవ్వకూడదని కట్టుదిట్టం చేశారు. మన దగ్గర పెళ్లీడు పిల్లలకు ఈ గోలీ రాస్తున్నప్పుడు ‘నిఖా ఎప్పుడమ్మా, పిల్లల సంగతి ఏమనుకుంటున్నారు’ అని అడిగే డాక్టర్లు ఎంతమంది? అడగాల్సింది అప్పుడు. కడుపు పండాక ఆరో వారంలో కాదు. అప్పటికి బిడ్డ వెన్నుపూస దగ్గర జరగాల్సిన పని చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

రెండోది లిథియం. దీని మీద పాతకాలంలో చాలా పెద్ద భయం ఉండేది, బిడ్డ గుండెకు లోపం వస్తుందని. 2017లో అమెరికాలో 13 లక్షలకు పైగా గర్భాల రికార్డులు చూసి లెక్క తీశారు. లిథియం వాడని తల్లుల పిల్లల్లో గుండె లోపాలు వందకు 1.15. మొదటి మూడు నెలల్లో వాడిన తల్లుల పిల్లల్లో 2.41. రెట్టింపే, నిజమే. మోతాదు పెరిగేకొద్దీ ఖతరా పెరుగుతుంది, అదీ నిజమే. అయినా వందలో 97 మందికి పైగా పిల్లలకు గుండె లోపం లేదు. ఈ అంకె చూశాక ఒక తల్లి ఆపుతాననవచ్చు, ఇంకో తల్లి తగ్గించి వాడతాననవచ్చు. ఇద్దరిదీ సహీ ఫైసలా కావచ్చు. కానీ అంకె చెప్పకుండా గీత గీసేస్తే అది ఫైసలా కాదు, జబర్దస్తీ.

మూడోది ఉదాసీకి, ఘబ్రాహట్‌కు ఎక్కువగా ఇచ్చే గోలీలు, సెర్ట్రలిన్ లాంటివి. 2014లో అచ్చైన ఒక పెద్ద అధ్యయనంలో దాదాపు తొమ్మిదిన్నర లక్షల గర్భాలు చూశారు. ఈ మందుల వల్ల బిడ్డ గుండె లోపాలు చెప్పుకోదగ్గంతగా పెరిగినట్టు కనిపించలేదు. ఇదే జాతిలో పారోక్సెటిన్ మీద 2005 నుంచి హెచ్చరిక ఉంది, దాన్ని కొత్తగా మొదలుపెట్టరు. చివరి నెలల్లో ఈ గోలీలు వాడితే పుట్టిన బిడ్డల్లో మూడో వంతు దాకా కొద్ది రోజులు చిరాకు, వణుకు, పాలు సరిగా తాగకపోవడం ఉంటాయి. చాలామందిలో అవి వాటంతటవే పోతాయి. పిల్లల డాక్టరుకు ముందే తెలిస్తే చాలు, కనిపెట్టుకుని ఉంటారు. సెర్ట్రలిన్ తల్లిపాలలోకి వెళ్లేది చాలా తక్కువ.

ఇది తరాజూలో ఒక పళ్లెం. రెండో పళ్లెంలో ఏముందో మన ఇళ్లలో ఎవరూ చూడరు.

2006లో ఉదాసీ బీమారీ మళ్లీ మళ్లీ వచ్చే 201 మంది గర్భిణుల మీద ఒక అధ్యయనం వచ్చింది. గోలీ కొనసాగించినవాళ్లలో వందకు 26 మందికి బీమారీ తిరగబెట్టింది. గోలీ ఆపేసినవాళ్లలో వందకు 68 మందికి తిరగబెట్టింది. ఇది తీవ్రమైన బీమారీ ఉన్న ఆడవాళ్ల లెక్క. కొద్దిపాటి దిగులు ఉన్నవాళ్లకు ఇదే వర్తిస్తుందని నేననను. వాళ్లలో కొందరు డాక్టరు సలహాతో మెల్లగా మాని, మాటలతో చేసే ఇలాజ్‌తో బాగానే ఉంటారు. కానీ తీవ్రమైన బీమారీ ఉన్నవాళ్లకు ‘ఆపేయమ్మా’ అన్న మాట ఎంత బరువైనదో చూడండి. బైపోలార్ ఉన్న ఆడవాళ్ల మీద 2007లో వచ్చిన లెక్క కూడా ఇదే దారిలో ఉంది. మందు ఆపినవాళ్లకు తిరగబెట్టే అవకాశం రెట్టింపు.

తిరగబెట్టడం అంటే ఏంటి? మూడు రాత్రులు నిద్ర పట్టకపోవడం. అన్నం ముద్ద లోపలికి దిగకపోవడం. నెలనెలా చెకప్‌కు పోకపోవడం. ఐరన్ గోలీ కూడా మానేయడం. ‘నేను లేకపోతేనే అందరికీ నయం’ అనుకోవడం. బిడ్డ బరువు, బిడ్డ నెలలు నిండకుండా పుట్టడం, వీటి మీద కూడా తల్లి బీమారీ అసర్ పడుతుంది. ఇక కాన్పు తర్వాత వచ్చే పెద్ద బీమారీ వేరు, ప్రసవానంతర సైకోసిస్. వెయ్యి కాన్పుల్లో ఒకరికో ఇద్దరికో వస్తుంది. బైపోలార్ ఉన్న తల్లుల్లో ఐదుగురిలో ఒకరి దాకా రావచ్చు. అది వచ్చినప్పుడు తల్లి ప్రాణమూ బిడ్డ ప్రాణమూ రెండూ గండంలో ఉంటాయి.

మా ఖాందాన్‌లో జరిగింది చెప్తాను, పేర్లు లేకుండా. మా ఫుప్పు మనవరాలు ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్. నాలుగేళ్లుగా లిథియం మీద ఖైరియత్‌గా ఉంది. ఏడో వారంలో ఒక పెద్ద దవాఖానాకు చూపించుకోవడానికి పోయింది. అక్కడ ఆ పూట ఉన్న హౌస్ సర్జన్ చీటీ చూసి ‘మెంటల్ గోలీలన్నీ ఆపండి’ అని రాసింది. ఆ చీటీ నేను చూశాను. ఎందుకో లేదు, ఎలా ఆపాలో లేదు, సైకియాట్రిస్టుకు చూపించమని లేదు. సంతకం కూడా అర్థం కాదు. ఐదో నెలలో పిల్ల రాత్రంతా మేలుకుని అల్మారాలు సర్దడం మొదలుపెట్టింది. ససురాల్‌వాళ్లు ఆసేబ్ అన్నారు. ఆమిల్ వచ్చాడు, దారం కట్టాడు, డబ్బు పట్టుకుపోయాడు. కాన్పు పెద్దాపరేషన్‌తో అయింది. ఛటీ అయిన మూడో రాత్రి ఆ పిల్ల బిడ్డను ఎత్తుకుని మేడ మీదికి పోయి పిట్టగోడ దగ్గర నిలబడింది. తహజ్జుద్‌కు లేచిన మామగారు వెనక నుంచి పట్టుకున్నాడు. అల్లాహ్ దయవల్ల ఇద్దరూ బతికి ఉన్నారు.

తర్వాత అందరూ ఎవరిని తప్పు పట్టారో తెలుసా? ఆ పిల్లనే. ‘బీమారీ దాచి మా నెత్తిన రుద్దారు’ అన్నారు. చీటీ రాసిన చెయ్యి గురించి ఎవరూ మాట్లాడలేదు.

నేను విలేకరిని, ఊరుకోలేదు. ఆ హౌస్ సర్జన్‌ను వెతికి పట్టుకున్నాను. చిన్న పిల్ల, ఇరవై మూడేళ్లుంటాయి. నా ముందు కూర్చుని ఏడ్చింది. ‘సార్, మాకు ఇలాగే నేర్పారు. ఆ రోజు క్యూ గేటు దాకా ఉంది. మేడమ్‌ను అడిగితే, ఇది కూడా తెలియదా అని అందరి ముందు తిడతారు’ అంది. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. కోపం ఆమెకు నేర్పినవాళ్ల మీద వచ్చింది.

అందుకే ఈ సవాల్ మన ఇళ్ల దగ్గర ఆగదు, మెడికల్ కాలేజీల గడప తొక్కుతుంది.

ఎంబీబీఎస్ అయ్యాక ఒక ఏడాది హౌస్ సర్జన్‌గా చేయాలి. 2021 నాటి జాతీయ నిబంధనల ప్రకారం ఆ ఏడాదిలో కాన్పుల విభాగంలో, కుటుంబ నియంత్రణతో కలిపి, 7 వారాలు. జనరల్ సర్జరీలో 6 వారాలు. సైకియాట్రీలో 2 వారాలు. ఆ రెండు వారాల్లో కూడా వాళ్లు చూసేది సైకియాట్రీ ఓపీలో కూర్చున్న మరీజ్‌లను. కాన్పుల వార్డులో ఉన్న తల్లి దిమాగ్ తబీయత్ ఎవరి ఖాతాలోదీ కాదు. సైకియాట్రీవాళ్లు ‘కడుపుతో ఉంది, గైనిక్‌కు పో’ అంటారు. గైనిక్‌వాళ్లు ‘మెంటల్ గోలీలు, సైకియాట్రీకి పో’ అంటారు. మన హైదరాబాద్‌లో కాన్పుల దవాఖానా పేట్లబుర్జులో, మానసిక దవాఖానా ఎర్రగడ్డలో. మధ్యలో ఊరంతా ఉంది. పైగా ‘ఎర్రగడ్డ’ అన్న మాటే మన దగ్గర ఒక గాలీ. నెలలు నిండుతున్న ఆడమనిషి ఫైలు పట్టుకుని అంత దూరం, అంత షరమ్ మోసుకుని పోతుందా?

గైనకాలజీ అంటే కత్తి పట్టే శాఖ. అక్కడ జూనియర్‌ను కొలిచేది చేతివాటంతో. ఎన్ని సిజేరియన్లలో చెయ్యి పెట్టావు, ఎంత వేగంగా కుట్లు వేశావు అనేదే లెక్క. చేతివాటం నేర్చుకోవడానికి మన రాష్ట్రాల్లో కొదవ కూడా లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో వంద కాన్పుల్లో 60.7 పెద్దాపరేషన్లే. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశమంతా కలిపి చూస్తే 21.5. అంటే మన పిల్లడాక్టర్లకు కోత నేర్పడానికి టేబుళ్లు ఉన్నాయి. ‘నిద్ర పడుతోందా అమ్మా’ అని అడగడం నేర్పడానికి ఒక కుర్చీ లేదు.

కోతకూ ఈ గోలీలకూ ఏం సంబంధం అని అడిగే సర్జన్లకు ఒక సంగతి చెప్తాను. గర్భంలో మూత్రపిండాలు ఎక్కువ పని చేస్తాయి, లిథియం త్వరగా బయటికి పోతుంది, రక్తంలో మట్టం తగ్గుతుంది. కాన్పు అవగానే మూత్రపిండాలు పాత వేగానికి వస్తాయి, మట్టం పైకి లేస్తుంది. సరిగ్గా అప్పుడే, ఆపరేషన్ తర్వాత, నొప్పికి డైక్లోఫెనాక్ ఇస్తారు. డైక్లోఫెనాక్ లిథియంను ఒంట్లో నిలవ చేస్తుంది. పైగా నీళ్లు సరిగా తాగని తల్లి. మట్టం విషం దాకా పోవచ్చు. చేతులు వణుకుతాయి, నడక తూలుతుంది, మాట తడబడుతుంది. మత్తు ఇంకా దిగలేదనుకుంటారు. అలాగే ట్రమడాల్ అనే నొప్పి మందు. ఉదాసీ గోలీలు వాడే తల్లికి అది కలిస్తే కొందరిలో ఒళ్లు కాలిపోయి, కండరాలు బిగుసుకుని, గుండె దడదడలాడే స్థితి వస్తుంది. ఈ మందులు రాసేది పెద్ద ప్రొఫెసర్ కాదు. రాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్. తల్లి ఏ గోలీ మీద ఉందో అడగడం, ఆ గోలీతో ఏది కలవకూడదో తెలియడం సర్జరీ చదువులో భాగమే. కుట్లు అందంగా వేసి, చార్ట్‌లో తప్పుడు సూది రాస్తే ఆ అందం ఎవరికి?

ఇంకో పాత రోగం ఉంది. అమెరికా మందుల సంస్థ 1979లో గర్భిణుల మందులకు ఏ, బీ, సీ, డీ, ఎక్స్ అని అక్షరాలు పెట్టింది. అక్షరం చూసి ఫైసలా చెప్పేయడం అలవాటైపోయింది. ఆ అక్షరాలు మోసం చేస్తున్నాయని, ఖతరా ఎంతో చెప్పడం లేదని, వాటిని వాళ్లే 2015లో తీసేశారు. ప్రతి మందుకూ వివరం రాయాలని, బీమారీని వదిలేస్తే వచ్చే నుక్సాన్ కూడా రాయాలని నిబంధన మార్చారు. మన దగ్గర పరీక్షల గైడ్లలో ఆ అక్షరాలు ఇంకా బతికే ఉన్నాయి. బట్టీ పట్టినవాడు ‘డీ’ చూడగానే గీత గీస్తాడు.

జూనియర్లకు నేర్పడం ఎలా అనేది మనకు కొత్త సంగతి కాదు. తొమ్మిదో శతాబ్దంలో పుట్టిన అల్ రాజీ, రయ్‌లోనూ బగ్దాద్‌లోనూ దవాఖానాలు నడిపినవాడు. ఆయన మజ్లిస్ గురించి ఇబ్న్ అన్నదీమ్ రాసిపెట్టాడు. ఎదురుగా షాగిర్దులు, వాళ్ల వెనక వాళ్ల షాగిర్దులు, ఆ వెనక ఇంకొందరు కూర్చునేవారు. మరీజ్ వచ్చి మొదట కనిపించినవాడికి తన తక్లీఫ్ చెప్పేవాడు. తెలిస్తే వాడే జవాబు ఇచ్చేవాడు. తెలియకపోతే ముందు వరసకు పంపేవాడు. అందరూ తెలియదంటే చివరికి ఉస్తాద్ మాట్లాడేవాడు. ‘నాకు తెలియదు’ అనడానికి అక్కడ జాగా ఉంది. మన కాలేజీల్లో ఆ మాటకు జాగా లేదు. తెలియదంటే బేఇజ్జతీ. కాబట్టి తెలియకపోయినా రాసేస్తారు. వెయ్యేళ్ల కిందటి దవాఖానాలో ఉన్న అదబ్ ఈనాటి టీచింగ్ హాస్పిటల్లో లేకపోతే, ఆ లోటు పిల్లలది కాదు, ఉస్తాదులది.

ఇప్పుడు మనవాళ్ల మాటలకు జవాబు.

‘సబర్ చెయ్యాలి, నమాజ్ చదవాలి, గోలీలెందుకు’ అంటారు. షుగర్ ఉన్న గర్భిణికి ఇన్సులిన్ ఆపి సబర్ చెయ్యమంటారా? బీపీ ఉన్నామెకు దారం కట్టి ఇంట్లో కూర్చోబెడతారా? ఇలాజ్ చేయించుకోమన్నదే మన దీన్. మరీజ్‌కూ గర్భిణికీ రోజాలోనే వెసులుబాటు ఇచ్చిన దీన్, గోలీకి అడ్డం వస్తుందా? పదో శతాబ్దంలోనే అబూ జైద్ అల్ బల్ఖీ ఉదాసీని రెండు రకాలుగా విడదీశాడు. ఒకటి కారణం తెలిసింది, రెండోది కారణం కనిపించనిది. ఆ రెండోది ఒంటి నుంచి వస్తుందనీ, దానికి మందు కూడా కావాలనీ రాశాడు. ఆయన హకీం, ఆలిం. దువా చదవండి, దవా తినండి. రెండూ ఒకే నోటితో చేసే పనులే.

‘మరి బిడ్డ మాసూమ్ కదా, బిడ్డకు నుక్సాన్ ఎందుకు చెయ్యాలి’ అంటారు. ఈ సవాల్‌కు ఇజ్జత్ ఇవ్వాలి. బిడ్డ హక్ ఉంది. కానీ బిడ్డ తల్లి ఒంట్లోనే ఉంది. తల్లి నిద్ర బిడ్డ నిద్ర. తల్లి రక్తం బిడ్డ రక్తం. తల్లిని బీమారీకి వదిలేసి బిడ్డను కాపాడే తరీకా ఏదీ లేదు. గోలీ వల్ల బిడ్డకు కొంత ఖతరా, గోలీ ఆపితే తల్లీబిడ్డలిద్దరికీ ఖతరా. ఎవరికి ఏది ఎక్కువో ఆ మనిషిని చూసి, ఆమె పాత బీమారీ చూసి లెక్క కట్టాలి. అందరికీ ఒకే గీత గీస్తే అది లెక్క కాదు.

‘నువ్వు డాక్టర్‌వా’ అంటారు. కాదు. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, ఖబర్లు రాసుకునేవాణ్ణి. అందుకే ఎవరు ఏ గోలీ తినాలో ఈ వ్యాసంలో ఎక్కడా చెప్పలేదు. మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు, మీ అంతట మీరు ఆపొద్దు అంటున్నాను. కొన్ని నిద్ర గోలీలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వస్తాయి. లిథియం ఒక్కసారిగా ఆపితే బీమారీ ఇంకా జోరుగా తిరిగొస్తుంది. ఆపాల్సిందే అయినా దానికో పద్ధతి ఉంది.

ఇక అసలు జడ. మన ఇళ్లలో ఈ గోలీలు నిఖాకు ముందే దాస్తాం. రిష్తా చెడుతుందని అమ్మీ విటమిన్ డబ్బాలో పోసి పంపుతుంది. పెళ్లయ్యాక పిల్ల బాత్రూంలో తలుపేసుకుని గోలీ మింగుతుంది. అలా దాచిన గోలీ గురించి కడుపు పండినప్పుడు ఎవరితో మాట్లాడుతుంది? శౌహర్‌కే తెలియదు. దాచిపెట్టి చేసే ఇలాజ్‌ను ఆపడం చాలా సులువు, ఎందుకంటే అది ఉందని ఎవరికీ తెలియదు. తెలిసిన రోజున ‘ధోకా’ అంటారు. కొడుకు షుగర్ దాచి పెళ్లి చేస్తే ధోకా అనం, కూతురి ఉదాసీ దాస్తే ధోకా అంటాం. పిల్లవాడి తరఫువాళ్లకు నా మాట ఇది: మీరు వినగలిగేలా ఉంటే వాళ్లు చెప్పగలుగుతారు. పిల్ల తరఫువాళ్లకు: జహేజ్ లిస్టు గంటసేపు మాట్లాడుకునేవాళ్లు, పిల్ల తబీయత్ గురించి పది నిమిషాలు మాట్లాడుకోలేరా?

కానూన్ మన పక్షాన ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ ప్రకారం, మానసిక దవాఖానాలో చేరిన తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరు చేయకూడదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డలను కలిపి ఉంచే వార్డు నడుస్తోంది. అక్కడ అయ్యేది ఇక్కడ ఎందుకు కాదు? మా ఫుప్పు మనవరాలిని చేర్చినప్పుడు బిడ్డను నలభై రోజులు వేరే ఇంట్లో పెంచారు. చిల్లా మొత్తం తల్లి ఒడి లేకుండా గడిచింది. ఆ దవాఖానాలో ఈ చట్టం గురించి ఒక్కరూ మాకు చెప్పలేదు.

నేను అడుగుతున్నది పెద్ద ఖజానా ఏమీ కాదు. ప్రతి ప్రభుత్వ కాన్పుల దవాఖానాలో వారానికి రెండు రోజులైనా ఒక సైకియాట్రిస్టు కూర్చోవాలి. గైనిక్ పీజీలు, హౌస్ సర్జన్లు ఆ ఓపీలో పక్కన కూర్చుని నేర్చుకోవాలి, ఎన్ని ఆపరేషన్లు చేశారో రాసే లాగ్ బుక్‌లోనే అది కూడా రాయాలి. దిమాగ్ గోలీ ఆపమని రాసేవాళ్లు కారణం రాయాలి, పేరు రాయాలి, సైకియాట్రిస్టుతో మాట్లాడామని రాయాలి. పెళ్లీడు పిల్లకు వాల్‌ప్రొయేట్ రాసే డాక్టరు ముందే గర్భం సంగతి మాట్లాడాలి. ‘నాకు తెలియదు, అడిగి చెప్తాను’ అన్న జూనియర్‌ను తిట్టే ప్రొఫెసర్‌ను ఎవరైనా సవాల్ చెయ్యాలి.

ఇంట్లో మనం చేయాల్సింది ఇంకా చిన్నది. చీటీ మీద ఎవరైనా గీత గీస్తే అక్కడే నిలబడి మూడు మాటలు అడగండి. ఎందుకు ఆపాలి? ఆపితే ఏమవుతుంది? ఆపాక ఆమెను ఎవరు చూస్తారు? జవాబు రాకపోతే గోలీ రాసిన సైకియాట్రిస్టు దగ్గరికి అదే వారం తీసుకుపోండి. అక్కడికి పోవడం కుదరకపోతే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ లైన్, ఏ వేళైనా పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు. కాన్పు తర్వాత తల్లి రెండు రాత్రులు వరసగా నిద్రపోకపోయినా, ఎవరికీ వినపడని మాటలు తనకు వినపడుతున్నాయన్నా, బిడ్డ తనది కాదన్నా ఆమిల్‌ను పిలవకండి. ఆ రాత్రే దవాఖానాకు తీసుకుపోండి, తెల్లారే దాకా ఆగకండి, ఆమెను ఒంటరిగా వదలకండి.

ససురాల్‌లోని పెద్ద ఆడవాళ్లకు ఒక్క మాట, చేతులు జోడించి. ఖాలాజాన్, మీ బహూ గోలీల డబ్బా మీ చేతికి దొరికితే చెత్తబుట్ట దాకా పోకండి. ఆమె పక్కన కూర్చుని, ‘బేటీ, ఇది దేనికి? డాక్టర్ ఏమన్నారు? పద, నేనూ వస్తాను’ అనండి. మీరు అలా అనేదాకా ఏ చట్టమూ, ఏ కాలేజీ చదువూ ఆ పిల్ల గది దాకా చేరవు.